జమేదారుగారి బెంగమందు

జమేదారుగారు కిందటి నెలలో పోయారు. ఆయన తయారుచేసి పట్టాళానికి పంపిన కుర్రాళ్ళంతా కలిసి ఒక జ్ఞాపక సంచిక వేస్తారట. వాళ్ళలో ముగ్గురు మా ఇంటికి వచ్చి, "టీచరుగారూ, మీరు బి.ఏ. చదువుకున్నారు. ఆయన డ్రిల్లు రోజూ మీ వరండాలోంచి చూసినవారు. కొత్త సిపాయిల బలహీనతలు ఆయన ఎలా పోగొట్టేవారో నాలుగు మంచి ముక్కలు రాయండి" అని అడిగారు. నాలుగు ముక్కలు రాస్తాను, నాలుగూ మంచివే కావాలంటే ఇంకొకరిని చూసుకోండి అన్నాను. నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

బందరులో పోర్టుకి వెళ్ళే రోడ్డు పక్కన, మా ఇంటికి ఎదురుగా, ఇసక నేల ఒకటి ఉంది. ఆయన బడి అదే. సర్కారు పెట్టమనలేదు, జీతం ఇచ్చినవాళ్ళు లేరు. పాత యుద్ధంలో బర్మా దాకా వెళ్ళి జమేదారు హోదాతో తిరిగొచ్చిన మనిషి, చేతులు ఊరుకోక, సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్ళని పొద్దున్నే పోగేసి నడక నేర్పేవారు. రిక్రూటింగు ఆఫీసరు ఊళ్ళోకి వచ్చే వేళకి వాళ్ళని సిద్ధంగా నిలబెట్టేవారు. పొట్టి మనిషి. ఖాకీ నిక్కరుకి గంజి ఎంత దట్టంగా పెట్టేవారంటే, "ఆ నిక్కరు లోపల మనిషి లేకపోయినా కవాతు చేస్తుంది" అనేవాడు మా నాన్న.

ఆయన ఎవరినీ తిట్టేవారు కాదు. అల్లుణ్ణి చేసేవారు. ఆలస్యంగా వచ్చినవాడికి ఎదురెళ్ళి, రెండు చేతులూ జోడించి, "రండి అల్లుడుగారూ, రండి! ప్రయాణం సుఖంగా జరిగిందా? కాళ్ళకి నీళ్ళివ్వమంటారా?" అనేవారు. ఆ కుర్రాడు మర్నాడు చీకటితోనే వచ్చి కూర్చునేవాడు. అత్తవారింట్లో తప్ప అల్లుడుగా ఉండటం ఎంత సిగ్గో నాకు అక్కడే తెలిసింది.

మొదట నన్ను మా ప్రహరీ గోడ దగ్గరికి లాగినవి ఆ కుర్రాళ్ళ తప్పులు. ఆయన "దాహినే ముడ్!" అని కేక పెడితే దివిసీమ నుంచి వచ్చినవాళ్ళు ఎడమకి తిరిగేవారు. ఒకడో ఇద్దరో అయితే పోనీ అనుకోవచ్చు. వరస వరసంతా, ఎంతో క్రమశిక్షణగా, తప్పు దిక్కుకి తిరిగేది. నాకు ఊరుకోవడం చేతకాదు కదా, గోడమీంచి అడిగాను.

"ఏమండీ జమేదారుగారూ, వీళ్ళకి కుడి ఎడమలు కూడా తెలియవా?"

"తెలుసండి టీచరమ్మగారూ. మా బాగా తెలుసు. అదే తంటా."

ఆయన చెప్పాక అర్థమైంది. అరకకి ఎడమ పక్కన కట్టేది దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు. పుట్టిందగ్గర్నుంచి మడిలో పెరిగినవాడికి చెవిలో 'దా' అని పడగానే ఒళ్ళు ఎడమకి పోతుంది. హిందీవాడి 'దాహినే' ఏమో కుడి. పాపం వాళ్ళు హిందీ రాక తప్పు చెయ్యడం లేదు, వ్యవసాయం వచ్చి చేస్తున్నారు. ఆయన ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళి, కుడి ముంజేతి మీద రెండు వేళ్ళతో తట్టి, "అన్నం తినే చెయ్యి ఏదిరా? దాహినే అంటే అన్నం. అన్నం ఎటుంటే అటు తిరుగు" అనేవారు. వారం తిరిగేసరికి వరస కుదిరింది.

"కొత్త మాట నేర్పడం ఎంతసేపండీ," అన్నారు నాతో, తుండుతో మెడ తుడుచుకుంటూ. "ఎద్దుని మరిపించాలి. అదీ పని."

ఒక్కొక్క ఊరివాడికి ఒక్కొక్క జబ్బు ఉండేది ఆయన లెక్కలో. దివిసీమవాడిది గట్టు నడక. చేల గట్ల మీద ఒక అడుగు ముందు ఒక అడుగు వేసి నడిచీ నడిచీ, విశాలమైన మైదానంలో వదిలినా తాడు మీద నడుస్తున్నట్టే నడుస్తాడు. బూటు వేస్తే వేళ్ళు విచ్చుకుని లోపల పట్టవు. వాళ్ళ చేత రెండు ఇటికల వరసల మీద, కాలికొక వరస చొప్పున, నడిపించేవారు. చిలకలపూడివాడిది వంగిన వీపు. రోల్డుగోల్డు పని చేసే ఇళ్ళలో పసితనం నుంచీ పీట మీద కూర్చుని దీపం ముందు ఊదుగొట్టం ఊదినవాడికి ఊపిరి బోలెడుంటుంది, ఛాతీ మాత్రం లోపలికి పోయి ఉంటుంది. వాణ్ణి గోడకి ఆనించి, మడమలూ పిర్రలూ తలా గోడకి తగిలేలా నిలబెట్టి, పాట పాడమనేవారు. ఇక గుడివాడ కాలేజీవాడి జబ్బు నోరు. ఎందుకు అని అడుగుతాడు. దానికి ఆయన దగ్గర మందు లేదు. "వాడికి మందు మీరే వెయ్యాలండి, మీ ముందు ఎవడికి నోరు పెగులుద్ది?" అని నావైపు వేలు చూపించేవారు. కుర్రాళ్ళు పగలబడి నవ్వేవారు. నేనూ నవ్వాను. అప్పట్లో ఆయనంటే నాకు గౌరవం. రాసుకోండి, ఇది మంచి ముక్కే.

చర్చి అయిపోయాక ఒక ఆదివారం ఆయన మా వరండాలో టీ తాగుతూ అన్నమాట ఇది: "కాలూ, ఛాతీ, నాలికా ఇయ్యన్నీ పైజబ్బులండి. లోపలిది ఒకటే. బెంగ. మొదటి మూడు నెలల్లో పారిపోయొచ్చేవాడు దెబ్బలకి భయపడి రాడు. చపాతీ అరక్క రాడు. సాయంత్రం అయ్యేతలికి ఇల్లు గుర్తొచ్చుద్ది. అంతే, గోడ దూకుతాడు."

ఆ మాట ఆయన అంటున్నప్పుడు మా తమ్ముడు గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

వాడి సంగతి చెప్పాలి. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. నేను కాలేజీలో ఉన్నాను. పెంచింది నేనే. వాడికి ఏ లోటూ లేదు, ఇల్లు వదిలి ఉండలేకపోవడం తప్ప. గుడివాడ కాలేజీలో చేర్పించి హాస్టల్లో పెడితే మూడోనాడు సాయంత్రం బండికి దిగాడు. ఏమిరా అంటే, "పప్పులో ఉప్పు లేదక్కా" అన్నాడు. గుడివాడేమన్నా రంగూనా? మళ్ళీ పంపాను, మళ్ళీ వచ్చాడు. రెండేళ్ళు అలాగే రైలుకి డబ్బులు మేపి, పరీక్ష పోగొట్టుకున్నాడు. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు ఊళ్ళో కుర్రాళ్ళంతా డ్రిల్లుకి పోతుంటే వీడూ వెళ్ళి నిలబడ్డాడు. మా నాన్న వద్దన్నాడు. నేను నాన్నతో పోట్లాడాను. ఇరవై ఏళ్ళొచ్చినా అక్క కొంగు పట్టుకుని తిరిగేవాడు రేపు ఏమవుతాడని అడిగాను. ఇప్పటికీ ఆ వాదన తప్పంటే ఒప్పుకోను.

జమేదారుగారు వాణ్ణి నెల రోజులు చూసి నా దగ్గరికి వచ్చారు.

"మీవాడికి కాళ్ళు మంచియ్యి, ఛాతీ మంచిది. దాహినే అంటే ఒక్కసారి కూడా తప్పలేదు. మనిషే ఇంట్లోంచి రావట్లేదండి."

"రోజూ పొద్దున్నే మీ ముందే నుంచుంటున్నాడుగా?"

"నుంచుంటన్నాడు. 'సామ్నే దేఖ్' అని ముందుకి చూడమంటే మీ వరండాకేసి చూత్తన్నాడు."

"అయితే దీనికేమిటి మందు?"

"ఉందండి. చేదుమందు. ఏంటని మీరు అడక్కూడదు."

"నేను అడక్కుండా ఈ ఇంట్లో ఎవరి గొంతులోనూ ఏ మందూ పడదు."

"అందుకేగదండీ వాడికీ జబ్బు!" అని పెద్దగా నవ్వారు. ఆ జవాబు బాగుందని నేనూ నవ్వేశాను. నాతో వాదించి నెగ్గినవాళ్ళు తక్కువ, నెగ్గినవాళ్ళంటే నాకు ముచ్చట.

వాడు సెలెక్టయ్యాడు. బందరు స్టేషన్లో బండి కదిలేముందు కిటికీ దగ్గర నిలబడ్డాను. కారప్పూస పొట్లం ఇస్తే పుచ్చుకున్నాడు కానీ నా మొహం చూడలేదు. ఇల్లు కదిలే మనిషి మనలో "వెళ్ళొస్తాను" అంటాడు. చావింటి నుంచి వెళ్ళేవాడు ఒక్కడే అలా అనడు. మా తమ్ముడు, "వెళ్తున్నా" అన్నాడు. అంతే. సిపాయితనం అప్పుడే వచ్చేసింది కాబోలు అనుకుని, పక్కనున్న జమేదారుగారికి నమస్కారం కూడా పెట్టాను.

తర్వాత వాడి ఉత్తరాలు. "నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను." పప్పులో ఉప్పు లేకపోతే రైలెక్కి వచ్చినవాడు, హిమాలయాల చలిలో ఉండి, చలిగా ఉందని కూడా రాయలేదు. మొదటి సెలవు వచ్చింది, వాడు రాలేదు. నాన్నకి జబ్బు చేసింది, రాలేదు. నాన్న పోయాడు. సెలవు దొరకలేదని టెలిగ్రాం వచ్చింది.

ఇవన్నీ జరగకముందు, మావాడి మొదటి సెలవుకి కొద్ది వారాల ముందే, వాడితోపాటు వెళ్ళిన చిలకలపూడి కుర్రాడొకడు సెలవులో వచ్చి మా ఇంటికి వచ్చాడు. రోల్డుగోల్డు పనివారి అబ్బాయి. వీపు ఇప్పుడు నిట్టరాట లాగా ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ తమ్ముడు ఇంకా కోపంగానే ఉన్నాడాండీ? నాకైతే ఇంటికొచ్చాక నవ్వొచ్చిందండి," అన్నాడు.

"కోపం దేనికి?"

"అదేనండి, జమేదారుగారి మందు. ఆఖరి వారంలో ఒక్కొక్కణ్ణీ పక్కకి తీసుకెళ్ళి చెప్పేవోరండి. నాతో ఏం చెప్పారంటే, 'నువ్వింకా రైలెక్కనే లేదు, మీ నాన్న నీ పీట మీద మీ బావని కూకోబెట్టేశాడ్రా, పీడ విరగడైందన్నాడు' అని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మీదే ట్రైనింగంతా అయిపోయిందండి. ఇంటికొచ్చి చూస్తే పీట అట్టానే ఉంది. మా నాన్న దాని మీద పిల్లిని కూడా కూర్చోనివ్వట్లేదంట!"

"మావాడితో ఏం చెప్పారు?"

కుర్రాడి నవ్వు ఆగిపోయింది. "మీకు తెలీదాండీ?" అన్నాడు. నా మొహం చూసి, వెళ్ళిపోదామని గుమ్మం వైపు తిరిగాడు. చెప్పకుండా గడప దాటనివ్వనన్నాను. నేల చూస్తూ చెప్పాడు.

"మీ పెళ్ళి కాకపోడానికి వాడే అడ్డమని, మీరు ఏడ్చారని అండి. 'వీణ్ణి తీసుకుపొండి, మళ్ళీ ఈ గడప తొక్కనియ్యకండి, ఇప్పటికైనా నా బతుకు నన్ను బతకనివ్వండి' అన్నారని."

నా పెళ్ళి కాకపోవడానికి కారణం నా నోరు. ఇది బందరులో బడిపిల్లలకి కూడా తెలుసు. వచ్చిన సంబంధాలన్నిటితో నేనే వాదన పెట్టుకుని నేనే నెగ్గాను, ఎవరూ అడ్డం రాలేదు. ఈ సంగతి తెలియకుండా నా చేతిలో పెరిగినవాడు ఒక్కడే. సరిగ్గా వాడి చెవిలో వేశారు.

ఆ నిమిషాన కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా ఆయన ఇంటికి వెళ్ళాను. పెరట్లో ఆ నిక్కరుకి గంజి పెడుతున్నారు. నన్ను చూసి చేతులు దులుపుకున్నారు. నేను అడిగాను. ఆయన కాదనలేదు.

"అబద్ధమేనండీ. నిజమని ఎవరన్నారు?"

"మీరే అన్నారుగా వాడితో!"

"వాడితో అన్నాను. వాడికి అది కావాలి."

"నా నోట్లో నేననని మాట పెట్టడానికి మీకు హక్కెవరిచ్చారు?"

"పిల్లోణ్ణి బెంచీ ఎక్కిచ్చేటప్పుడు మీరు వాళ్ళమ్మని అడిగి ఎక్కిత్తారాండీ?"

"బెంచీ ఎక్కించి, 'మీ అమ్మ నిన్ను వద్దంది' అని చెప్పను!"

ఆయన గంజి గిన్నె పక్కకి జరిపి, తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను.

"నేను పారిపోయొచ్చానండి, మొదటి ఏడు. ఎవరికీ చెప్పలా. పాలకాయతిప్ప పక్కన మా పల్లె. మా అమ్మ నన్ను జమ్ముగడ్డి మోపుల వెనకాల దాచి, గుడ్డకింద అన్నం తెచ్చి పెట్టేది. పోలీసులొచ్చి, ఊరందరి ముందూ ఆవిడ చేతే ఆ మోపులు తీయించారు. ఆ ఊళ్ళో ఆవిడ మళ్ళీ తలెత్తి నడవలేదు. మా అమ్మ మంచిది కాబట్టే నేను పారిపోయొచ్చానండి. రాచ్చసి అయ్యుంటే బాగుండును, ఇద్దరం బాగుపడేవాళ్ళం."

అయినా నేను ఊరుకోలేదు.

"మీ అమ్మ మంచిదైతే నేను రాక్షసినవ్వాలా? వెళ్ళి వాడికి నిజం చెప్పండి."

"చెప్తానండి. కట్టు మజ్జలో ఇప్పకూడదు, ఎముక వంకర పోద్ది. టైమొచ్చినప్పుడు నేనే ఇప్పుతా. మాట."

ఆయన మాట కోసం ఆగే మనిషిని కాను. ఆ సాయంత్రమే వాడికి నేను రాశాను. అది అబద్ధమనీ, ఆ మందు అందరికీ వేశాడనీ, చిలకలపూడి కుర్రాడి పీట సంగతీ అంతా రాశాను. జవాబు వచ్చింది. "నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను." జమేదారు చెప్పిందాని ముందు నా మాట చెల్లలేదనుకున్నాను. కట్టు కట్టినవాడే విప్పాలన్నమాట.

అప్పటినుంచి ఆయన పోయేదాకా, చర్చి మెట్ల మీద ఎప్పుడు కనిపించినా అడిగాను.

"కట్టు విప్పారా?"

"ఇంకా లేదండి."

"ఎప్పుడు?"

"ఇప్పుడు వాడు బోర్డర్లో ఉన్నాడు గదండీ."

బోర్డరు అయిపోయింది. "ప్రమోషన్ పరీక్ష గదండీ." అదీ అయిపోయింది. పదిమంది ముందూ "అబద్ధాలకోరు" అన్నాను. "ఇంకొకరి ఇంట్లో నిప్పు పెట్టి చలి కాచుకునే మనిషి" అన్నాను. పాదిరిగారు నన్ను మందలించబోతే ఆయన్నీ రెండు అన్నాను. జమేదారుగారు టోపీ చేత్తో పట్టుకుని అంతా వినేవారు. ఎంత అన్నా ఎదురు మాట లేదు. తప్పు చేసినవాడికి మాటేముంటుందని అనుకునేదాన్ని. ఆఖరికి ఇసక నేలలో డ్రిల్లు వేళకి మా వరండా తలుపు మూసేసుకున్నాను.

కిందటి నెల ఆయన్ని సమాధి చేసేరోజు నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని ఒకావిడ అడిగింది. బాకీ తీర్చకుండా పోతున్నాడు, మొహం చూడాలి కదా అన్నాను. అక్కడ గోతి పక్కన, యూనిఫారంలో, భుజం కింద మూడు పట్టీలతో మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. కన్నతండ్రి మట్టికి సెలవు దొరకనివాడికి జమేదారు మట్టికి దొరికింది.

ప్రార్థన అయ్యేదాకా ఆగాను. మట్టి వేసి అందరూ కదిలాక వాడి దగ్గరికి వెళ్ళాను. కణతల దగ్గర అప్పుడే నెరిసింది.

"ఇన్నేళ్ళూ నన్ను నమ్మలేదు. పోయినవాడు ఇక చెప్పలేడు కాబట్టి మళ్ళీ నేనే చెప్తున్నాను, విను. నేను ఆ మాట అనలేదురా."

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"ఆయన చెప్పాడు. మొదటి సెలవప్పుడు. ఒకసారి కలవమని నాకు రాసి, బెజవాడ స్టేషన్‌కి వచ్చి, ప్లాట్‌ఫారం మీదే చెప్పాడు. అంతా అబద్ధంరా, ఇంటికి పోదాం పద అని బందరు టికెట్టు కూడా కొన్నాడు."

"బెజవాడ దాకా వచ్చావా నువ్వు?"

"వచ్చాను."

"వచ్చి?"

"తిరిగి వెళ్ళిపోయాను. నాకు నిజం చెప్పేసినట్టు అక్కకి మాత్రం తెలియనివ్వొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను."

చర్చి మెట్లు, టోపీ, "ఇంకా లేదండి" అన్నీ ఒక్కసారి నా తలలో గిర్రున తిరిగాయి. ఆ ముసలాయన ఆడిన మాట ఎప్పుడో నిలబెట్టుకున్నారు. ఆ పైన వీడికి ఇచ్చిన మాట కూడా నిలబెట్టుకుంటూ, నా చేత తిట్లు తింటూ బతికారు. నన్ను ఇన్నేళ్ళు ఎదురుచూస్తూ కూర్చోబెట్టింది ఆయన కాదు.

"అబద్ధమని తెలిసీ ఎందుకు రాలేదురా?"

వాడు జవాబు ముందే తయారుచేసుకున్నట్టున్నాడు, తడుముకోలేదు. "కోపం ఉన్నంతకాలం బాగా ఉన్నానక్కా. అన్నం సయించింది, నిద్ర పట్టింది. ఆయన అబద్ధమని చెప్పగానే మళ్ళీ బెంగ పట్టుకుంది. ఇప్పుడు ఇంటికి వస్తే ఇక తిరిగి వెళ్ళలేననిపించింది. అందుకని నిజమే అనుకుందామని నిర్ణయించుకున్నాను."

"నేను ఉత్తరం రాస్తే?"

"సగం చదివి మడిచేశాను."

"నాన్న పోతే?"

దానికి మాత్రం తడుముకున్నాడు. వంగి ఇంకో గుప్పెడు మట్టి తీసి సమాధి మీద వేశాడు.

అయినా ఇంటికి తీసుకొచ్చాను. సాయంత్రం బండికి ఇంకా వ్యవధి ఉంది. వంట చేసి వడ్డిస్తూ, ఏం చేస్తున్నావిప్పుడు అని అడిగితే, ట్రైనింగ్ సెంటరులో కొత్తవాళ్ళకి డ్రిల్లు నేర్పుతున్నానన్నాడు. దాపటెద్దు కథ చెప్తే తమిళవాళ్ళు, కన్నడంవాళ్ళు కూడా నవ్వుతారట. బెంగ పెట్టుకున్నవాళ్ళని ఏం చేస్తావని అడిగాను. కంచంలోకి చూసి, "పని చేసే మందు ఒకటే ఉంది కదక్కా" అన్నాడు. ఇప్పుడొక నెల్లూరు కుర్రాడున్నాడట. అక్క పెంచినవాడట. రెండుసార్లు గోడ దాకా వెళ్ళి దొరికిపోయాడట. కిందటి వారం వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి చెప్పాడట.

"ఏమని?"

వాడు తినడం పూర్తిచేసి, కంచం తనే తీసుకెళ్ళి, తనే కడిగి, గోడ వారగా బోర్లించాడు. తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుని, "థాంక్స్ అక్కా. భోజనం బాగుంది" అన్నాడు. అతిథి చెప్పినట్టే చెప్పాడు.

నేను కాగితం, కలం తెచ్చి వాడి ముందు పెట్టాను.

"ఆ నెల్లూరు పిల్ల అడ్రసు రాసి ఇవ్వు."

"ఏ పిల్ల?"

"ఆ కుర్రాడి అక్క. తను ఏమన్నదో తనకి తెలియాలి కదా. నేను రాస్తాను."

వాడు బూట్లు తొడుక్కుని, లేసులు బిగించుకుని లేచాడు. కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"ఇప్పుడే వద్దక్కా. వాడికింకా ట్రైనింగు పూర్తవ్వలేదు" అని టోపీ పెట్టుకున్నాడు.